నీటిగడ్డికి దీపం

మొన్న ఇంట్లో పాత తీగలు తీసి కొత్తవి వేయడానికి కరెంటు పనివాడు వచ్చాడు. నిచ్చెన మీద నిలబడి, నడిమింటి దూలానికి వేలాడుతున్న పొడుగాటి ఇనుప కొక్కేన్ని ఊపి చూశాడు.

"అమ్మా, ఇదేంది? ఊయల కట్టెటోళ్లా ఇక్కడ?"

"ఊయల కాదయ్యా, దీపం."

"గింత కిందికా? మనుషుల తలకాయకు తాకదా?"

"మనుషులకు కాదు. నీళ్లలో గడ్డికి" అన్నాను.

అతను నాకు మతి సరిగ్గా లేదన్నట్టు చూసి, కొక్కెం పీకేసి కింద పడేశాడు. వివరంగా చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఆ దీపం పెట్టించిన మనిషి గురించి ఒక్క మాటలో చెప్పడం ఎవరి వల్లా కాదు. బతికున్నన్నాళ్లూ మా సహనాన్ని అరగదీశారు. పోయిన తర్వాత కూడా, తలచుకున్నప్పుడల్లా నాకు ముందు వచ్చేది కోపమే. ఆ తర్వాతే మిగతావన్నీ.

ఆయన మా మామగారు. నాందేడు బజారులో బట్టల దుకాణం. నేను ఉమ్రి పక్కన పల్లె నుంచి కోడలిగా వచ్చేసరికే ఆయన గురించి ఊళ్లో ఒక మాట ఉండేది: సేఠ్ దగ్గర చీర కొనాలంటే కాళ్లలో బలముండాలని. ఎందుకంటే ఆయన రంగుచీరను దుకాణంలో కూర్చుని అమ్మేవారు కారు. మడతను చంకన పెట్టుకొని, కొనడానికి వచ్చినామెను వీధి మధ్యకు తీసుకుపోయి, ఎండలో ఒకసారి, అరుగు నీడలో ఒకసారి విప్పి చూపేవారు. ఎడ్లబండ్లు ఆగిపోయేవి. బండివాళ్లు మరాఠీలో తిట్టేవాళ్లు. ఈయన చీర అంచు వదలకుండా మరాఠీలోనే వాళ్లకు జవాబిచ్చేవారు. పొద్దు గూకితే ఇక రంగుబట్ట అడిగినా ఇచ్చేవారు కారు.

"దీపం కింద రంగు అబద్ధం చెప్తది. పొద్దుగాల రా."

ఎంత దూరం నుంచి వచ్చిన వాళ్లయినా అదే మాట. వాళ్లు పక్క దుకాణానికి పోయి కొనుక్కునేవాళ్లు. మా ఇంటాయన పళ్లు కొరుక్కునేవారు.

నడిచేటప్పుడు కూడా ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి, కనిపించని బట్ట ఏదో నాణ్యం చూస్తున్నట్టు. అన్నం తినేముందు, మందు మింగేముందు, ఎవరైనా పోయారన్న కబురు విన్నప్పుడు కూడా ఆ వేళ్లు కదిలేవి.

సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు ఏదో నవాబుల పెద్ద దేవిడీలో ఆయన ఒక గాజుతొట్టి చూశారు. అందులో చేపలున్నాయట. చేపల సంగతి ఆయనకు పట్టలేదు. వాటి మధ్య ఇసుకలో వేళ్లూని, రిబ్బన్ల లాగా పైకి లేచి ఊగే పచ్చని గడ్డిని చూసి వచ్చారు. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా మా అత్తతో అన్నారు: "ఆ రంగు ఇప్పటిదాంక ఏ అద్దకపోడు అద్దలేదు. ఇగ అద్దలేడు."

అత్త ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఏదున్నా నాకే చెప్పేది. "చూడే కోడలా, మీ మామ హైదరాబాద్ పోయి గడ్డి చూసి అచ్చిండు. మా అన్న పొలంల లేదా గడ్డి?"

ఇనుప చట్రం చేయించి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, అవిసెనూనెతో ముద్ద చేసిన సుద్దతో అతుకులు పూడ్పించారు. తొట్టి కారింది. మళ్లీ పూడ్పించారు. మళ్లీ కారింది. చివరికి నిలిచింది. పొద్దున గోదావరి స్నానానికి పోయి, వచ్చేటప్పుడు చెంబులో నీటిగడ్డి దుబ్బులు, తడిపంచె కొంగులో ఇసుక మూటగట్టుకొని వచ్చేవారు. దారిలో వాళ్లూ వీళ్లూ తీర్థమేమోనని చెంబుకు దండం పెట్టేవాళ్లట.

తొట్టి తయారైంది కానీ అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. దానికి వెలుగు ఎక్కడి నుంచి?

మొదట పడమటి కిటికీ కింద పెట్టారు. మధ్యాహ్నం ఎండ నేరుగా పడి నీళ్లు కాగాయి. కొన్నాళ్లకే పెసలు ఉడికినట్టు పచ్చగా చిక్కబడ్డాయి. గడ్డి కాదు కదా, తొట్టి అవతల నిలబడ్డ మనిషి కూడా కనిపించలేదు. నీళ్లు పారబోసి, తొట్టిని లోపలి నడిమింట్లోకి జరిపించారు. అక్కడ పగలే చీకటి. గడ్డి పాలిపోయి, సన్నబడి, దారం లాగా సాగి, చివరికి చేతిలో పట్టుకుంటే జావలా కరిగింది. మళ్లీ గోదావరి, మళ్లీ చెంబు.

ఆ ఇంట్లో లాంతరు బుడ్లు తుడవడం, వత్తులు కత్తిరించడం కోడలి పని. అంటే నాది. ఒకరోజు మామ నా దగ్గరికి వచ్చి అన్నిట్లోకి మంచి లాంతరు అడిగి తీసుకొని తొట్టి పక్కన పెట్టారు. గడ్డి అంతా లాంతరు వైపే ఒరిగింది, గాలికి వంగిన జొన్నచేను లాగా. "పక్కకెల్లి గాదు, పైకెల్లి రావాలె" అని లాంతరును పైన వేలాడదీశారు. దాని నూనెడబ్బా నీడ సరిగ్గా తొట్టి నడుమ పడింది. చుట్టూ వెలుగు, మధ్యలో మాత్రం చీకటి. పైగా మసి.

అప్పుడు యుద్ధం రోజులు. గాసునూనె దొరకడం గగనంగా ఉండేది. అత్త చీకటి పడకముందే వంట ముగించేది.

"కోడలా, మీ మామకు చెప్పు. మనుషులకు నూనె లేదు. గడ్డికి దీపమా?"

మర్నాడు మామ పెళ్లి ఊరేగింపుల్లో వాడే గ్యాసుబత్తిని అడిగి తెచ్చారు. పగటిపూట, నడిమింట్లో, భుసభుసమని మండే ఆ బత్తిని గడ్డి కోసం తొట్టికి దగ్గరగా దించారు. అన్నాలు తింటూ ఉండగా ఫటేలుమని చప్పుడైంది. వేడికి అద్దం పగిలి నీళ్లు గడప దాటి, దుకాణం నుంచి తెచ్చి పెట్టిన కొత్త మూటల్లోకి పాకాయి. మా ఇంటాయన మూటల వైపు పరుగెత్తారు. మామ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చొని గడ్డి దుబ్బుల్ని ఒక్కొక్కటే ఏరి పంచెలో వేసుకుంటున్నారు.

"నాయనా, బట్టలు!" అని మా ఇంటాయన అరిచారు.

"బట్ట ఆరేస్తె బాగైతది. గడ్డి ఆరితె చస్తది" అన్నారు మామ తలెత్తకుండా.

ఆ రోజు మా ఇంటాయన అన్నం సగంలోనే లేచిపోయారు.

తర్వాత మామ మిద్దెకే కన్నం పెట్టించారు. మట్టిమిద్దెల్లో వెలుగు కోసం వదిలే గవాక్షి మా ఇంట్లో వంటింటి మీద ఒకటుండేది. అలాంటిదే నడిమింటి మీద తెరిపించి, దాని మీద దళసరి అద్దం పలక బిగించారు. తొట్టిని సరిగ్గా దాని కింద నిలిపారు. ఎండ నిలువుగా దిగే వేళకు పల్చటి మల్లుగుడ్డ అడ్డం లాగేవారు. పొద్దు వాలితే తీసేవారు. వెలుగు సరిపోయిందో లేదో చూడడానికి ఆయనది ఒకటే కొలత. అరచేతిని నీటి మీద చాపి కింద ఇసుక వైపు చూసేవారు.

"ఇట్ల రా బిడ్డా. దీపం దిక్కు చూడొద్దు, నీడ దిక్కు చూడు. నీడ కత్తిలెక్క పడితె వెలుగెక్కువైంది. అసలుకే పడకపోతె తక్కువైంది. అంచు మెత్తగ ఉండాలె."

నిజం చెప్పాలి. ఆ ఏడు గడ్డి నిలిచింది. రిబ్బను ఆకులు నీటి అంచు దాకా లేచి, అక్కడ వంగి పరుచుకున్నాయి. వెలుగు బాగా ఉన్న పూట ఆకుల మీద ముత్యాల లాంటి బుడగలు పుట్టి, వరుసగా పైకి పోయేవి. మామ దుకాణం మధ్యలో వదిలి ఇంటికి వచ్చి వాటిని చూసి పోయేవారు. మరాఠీ గురువుగారు ఒకాయన, ఆసుపత్రి డాక్టరు, బజారు వాళ్లు అందరూ వచ్చి చూశారు. అత్త కూడా, ఎవరూ లేనప్పుడు, తొట్టి ముందు నిలబడి ఉండగా నేను చూశాను. నన్ను చూసి, "దోమలు పెరుగుతున్నయా అని చూస్తున్న" అంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

మా వీధికి కరెంటు వచ్చింది. వానాకాలం మబ్బు పట్టినప్పుడు గవాక్షి వెలుగు చాలదని మామ బల్బు పెట్టించాలనుకున్నారు. ఏ బల్బు అన్నది తేల్చడానికి కరెంటు సామాను దుకాణంలో ఆయన చేసిన గొడవ ఊరంతా చెప్పుకుంది. తన సంచిలోంచి పచ్చబట్ట ముక్క తీసి, ఒక్కో బల్బు కింద పెట్టి చూస్తూ, ఇది పసుపు కొడుతోంది, ఇది ఎరుపు కొడుతోంది అంటూ ఒక పూటంతా కూర్చున్నారట. చివరికి పాలగాజు బల్బు కాదని తేటగాజుది ఎంచుకున్నారు. లోపల సున్నం పూసిన రేకు గొడుగు చేయించి, దూలానికి కొక్కెం కొట్టించి, తొట్టి మీదికి వేలాడదీశారు. మబ్బు రోజుల్లో మాత్రమే, పొద్దున కాసేపు వేసేవారు. అదీ బాగానే ఉంది.

ఆ చలికాలం నుంచి తేడా మొదలైంది. ఎండ నిండుగా ఉన్న రోజు కూడా బల్బు వేయమన్నారు. "వెలుగు తగ్గింది" అన్నారు. మల్లుగుడ్డ పీకేయించారు. గవాక్షి అద్దం మురికి పట్టిందని మా ఇంటాయన్ను మిద్దె ఎక్కించి కడిగించారు. మరుసటి వారం మళ్లీ కడిగించారు. బల్బు నేను సరిగ్గా తుడవడం లేదన్నారు. తుడిచి చూపించాను. కరెంటే బలం తక్కువగా వస్తోందన్నారు. ఇంకా పెద్ద బల్బు వచ్చింది. దాని పక్కన ఇంకొకటి. అవి ఇంకా కిందికి దిగాయి.

తొట్టికి పాచి పట్టింది. మొదట అద్దాల మీద సన్నని మఖమల్ లాగా, తర్వాత ఆకుల మీద, తర్వాత జుట్టు పోగుల్లా గడ్డి అంతా చుట్టుకుంది. నేను గీకేదాన్ని. రెండు పూటలు గడిచేసరికి మళ్లీ పట్టేది.

"మామా, వెలుగు ఎక్కువైనట్టున్నది" అన్నాను ఒకరోజు.

"ఎక్కువనా? వెలుగు లేకనే కుళ్లుతున్నది. నువ్వు నాకు చెప్తవా?"

ఇంకోసారి అన్నాను. ఇంకోసారి కసిరారు. లాంతర్లతో, బుడ్లతో రోజంతా ఉండే నాకు వెలుగు సంగతి తెలియదట. ఆ మాట ఇప్పటికీ నాకు మంటే.

అదే రోజుల్లో నాయ్‌గావ్ నుంచి ఒక మరాఠీ ఆవిడ కొన్న చీరను తిరిగి తెచ్చింది. "సేఠ్, మీ కాళీ మాగితలీ. హీ జాంభళీ ఆహె" అంది. నల్లది అడిగితే నేరేడు రంగుది ఇచ్చారని ఆమె బాధ. మామ అలవాటు ప్రకారం ఆమెను వీధిలోకి తీసుకుపోయి, నడి ఎండలో చీర విప్పి, "కాళీచ్ ఆహె", నల్లదే అని గట్టిగా వాదించారు. ఎండలో ఆ నేరేడు రంగు ప్రతివాడికీ కనిపిస్తోంది. చుట్టూ చేరినవాళ్లు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నారట. మా ఇంటాయన చీర మార్చి ఇచ్చి, ఇంటికి వచ్చి గోడకేసి చెయ్యి కొట్టుకున్నారు. "ముసలితనంల మొండితనం గింత పెరుగుతదా?" అన్నారు. మేమందరం మొండితనమనే అనుకున్నాం.

కొన్ని రోజులకు, పొద్దున, నేను తొట్టి అద్దం గీకుతున్నాను. పైన పొద్దు, దాని కింద రెండు బల్బులు. మామ వచ్చి ఎప్పటిలాగే అరచేతిని నీటి మీద చాపారు. ఇసుక మీద అయిదు వేళ్లూ, వేలికున్న ఉంగరంతో సహా, నల్లగా, గీత గీసినట్టు పడ్డాయి.

"చూసినవా? నీడనే లేదు" అన్నారు.

హాస్యమాడుతున్నారనుకున్నాను. ఆయన ఎప్పుడూ హాస్యమాడరు.

"ఉన్నది కద మామా."

"ఏది?"

"ఇగో, ఇక్కడ." అద్దం మీద వేలు పెట్టి చూపించాను.

ఆయన నా వేలి వైపు చూడలేదు. నా ముఖం వైపు తిరిగారు, కానీ చూపు నా చెవి పక్కగా పోయి వెనక గోడ మీద ఆగింది. వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకోవడం మొదలుపెట్టాయి. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"బల్బు తుడు" అని వెళ్లిపోయారు. గడప దాటేటప్పుడు తలుపు చెక్కను చేత్తో తడుముకోవడం అప్పుడే నా కంట పడింది.

అత్తతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నాకు ఎరుకనే" అంది. "అన్నంల కరివేపాకు తీసి పక్కకు పెట్టే మనిషి. ఎన్ని దినాలాయె, మింగుతున్నడు."

"మరి చెప్పవేంది అత్తమ్మా?"

"చెప్తె వింటడా?"

డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు. "మోతీబిందు. కండ్లకు పొర కమ్మింది. హైదరాబాద్ పోండి సేఠ్, తీసేస్తరు. మళ్ల మంచిగ కనవడ్తది" అన్నాడు. ఆ మాటకు మాకు ప్రాణం లేచివచ్చింది.

"తీసినంక?" అని అడిగారు మామ.

"కండ్లకు పట్టి కట్టి పండవెడ్తరు. కొన్ని దినాలు కదలొద్దు."

"అప్పటిదాంక గడ్డికి ఎవరు చూస్తరు?"

డాక్టరుకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది. నేను చూస్తానన్నాను. మామ విననట్టే ఉన్నారు. ముందు గడ్డి కోలుకోనీయండి, తర్వాత పోదామన్నారు. గడ్డేమో ఆ బల్బుల కింద కోలుకోదు. బల్బులేమో ఆయన తీయనివ్వరు. ఎండాకాలం వచ్చింది, నీళ్లు కాగుతాయన్నారు. వానలు వచ్చాయి, మబ్బులన్నారు. దసరా వచ్చింది, బేరాల రోజులన్నారు. ఒకసారి ఆయన దుకాణంలో ఉండగా రెండు బల్బులూ ఆర్పేశాను. వచ్చీ రాగానే అరచేతిని రేకు గొడుగు కిందికి పోనిచ్చి, వేడి తగలక ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. కళ్లతో కొలవలేనిదాన్ని చర్మంతో కొలుస్తున్నారు అప్పటికే. భయంతోనే ఇదంతా అని మా ఇంటాయన అనేవారు. కావచ్చు. ఆ భయం పేరు గడ్డి అయింది.

చివరికి ఒకరోజు కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పితో, వాంతులతో పడిపోతే, ఎవరినీ అడగకుండా రైలెక్కించి హైదరాబాదు తీసుకుపోయారు మా ఇంటాయన. అక్కడి డాక్టరు ఒకటే మాట అన్నాడట: పొర మరీ ముదిరి లోపలి నరం చచ్చింది, ముందు తెస్తే బాగుండేది. రెండో కన్ను అంతకుముందే పోయిందట. ఆ సంగతి ఆయన అత్తకు కూడా చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆయన తొట్టి పేరెత్తలేదు. నడిమింట్లో మంచం మీద కూర్చునేవారు. నేను బల్బులు విప్పేశాను. గవాక్షికి మల్లుగుడ్డ కట్టాను. పాచి పట్టిన ఆకులన్నీ కోసి పారేశాను. నీళ్లు మార్చాను. గడ్డి మీద ప్రేమతో కాదు. ఆ తొట్టి అలా కుళ్లుతూ కళ్లెదుట ఉంటే, నేను సరిగ్గానే చెప్పానన్న మాట గొంతులో ముల్లులా ఉండేది. మరుసటి వానాకాలం ముగిసేసరికి మొదళ్ల నుంచి కొత్త ఆకులు లేచాయి.

"గడ్డి మంచిగయింది మామా" అన్నాను.

"ఆఁ" అన్నారు. నమ్మలేదు. కళ్లు పోయినప్పటి నుంచి ఇంట్లో అందరం ఆయనకు అన్నీ బాగున్నాయనే చెప్పేవాళ్లం, దుకాణం బాగుందని, ఆయన ముఖం తేటగా ఉందని. మా మాటల మీద ఆయనకు నమ్మకం పోయింది. అందులో ఆయన తప్పేం లేదు.

ఒక మధ్యాహ్నం మంచం దిగి, తడుముకుంటూ తొట్టి దగ్గరికి వచ్చారు. చొక్కా చెయ్యి మడవకుండానే మోచేతి దాకా నీళ్లలో ముంచారు. ఆకును మొదలు దగ్గర పట్టుకొని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పైదాకా జారనిచ్చారు. ఇంకొకటి. ఇంకొకటి. పాచి జిగట ఎక్కడా తగల్లేదు.

"ఎవరు పెంచిన్రు?"

"నేనే మామా."

"దీపాలెన్ని?"

"దీపాలు లేవు. మీదికెల్లి అచ్చే వెలుగే. దానికి సుత గుడ్డ అడ్డం కట్టిన."

ఆయన చెయ్యి నీళ్లలోనే ఉంది. "నేను చూసెటప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్పిన మామా. ఎన్నోసార్లు చెప్పిన. మీరు వినకపోతిరి."

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మామ చెయ్యి బయటికి తీశారు. చొక్కా నుంచి నీళ్లు కారి నేల మీద పడుతున్నాయి.

"ఒక్క బల్బన్న ఎయ్యి. మబ్బుగుంది" అన్నారు.

"మబ్బు లేదు. ఎయ్యను."

ఆ ఇంట్లో ఆయన మాటను నేను కాదన్నది అదే మొదటిసారి. కేకలు వేస్తారనుకొని నిలబడ్డాను. ఆయన వెనక్కి తడుముకుంటూ పోయి, మంచం మీద కూర్చొని, తడిచేత్తో పక్కన పరుపు తట్టారు.

"కూసో బిడ్డా."

మామగారి ఎదుట కోడలు కూర్చోవడం మాలో లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ముందు నిలబడే మాట్లాడాను. అత్త వంటింటి గడపలోకి వచ్చింది. నా వైపు చూసి లోపలికి పోయింది. నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఇప్పుడు ఎట్లున్నదో చెప్పు. బాగున్నది అనొద్దు. ఏమున్నదో అది చెప్పు."

చెప్పాను. పెద్ద ఆకు కుడివైపు వంగి ఉందని, దాని మీద ఒక బుడగ పైకి పోవడానికి సిద్ధంగా ఉందని, కింద కొత్త ఆకు కొస ఇంకా గోధుమ రంగులో ఉందని. "గోధుమనా, తేనె రంగా?" అన్నారు. తేనె రంగన్నాను. "ఏ తేనె?" అన్నారు. నాకు తెలియదన్నాను. విసుక్కున్నారు. మళ్లీ చూసి చెప్పమన్నారు.

పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాను. నేనన్న ప్రతిదానికీ ఆయన వంక పెడుతూనే ఉన్నారు.